దేవుడి పొట్టేలుకు పగ్గం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో పెద్దవంగర మండలాన్ని నాకు అదనపు బాధ్యతగా అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను పక్క మండలంలో పశువైద్యాధికారిని. ఉత్తర్వులో ‘అదనపు బాధ్యత’ అని రెండు మాటలే ఉంటాయి. అర్థం మాత్రం పెద్దది. సొంత దవాఖాన పని తగ్గదు, వాహనం రాదు, రెండో మండలంలో ఏ గొర్రె చచ్చినా సంజాయిషీ మాత్రం మనమే రాయాలి. డాక్టర్లు తక్కువ, మండలాలు ఎక్కువ అయిన శాఖలో నా సర్వీసు సగం ఇలాంటి జంట బాధ్యతలతోనే గడిచింది. అంతకు ముందు భూపాలపల్లి వైపు టేకుమట్లలో ఉన్నప్పుడూ ఇదే తంతు. కాబట్టి గొణుక్కుంటూనే సంతకం పెట్టాను.

వారంలో రెండు రోజులు పెద్దవంగరకు వెళ్లేదాన్ని. అక్కడ నాకున్న సిబ్బంది ఒక్కరే, సత్తార్. హోదా ప్రకారం అతను పశువైద్య సహాయకుడు. ఊళ్లలో మాత్రం అందరికీ ‘కంపౌండర్ సాబ్’. గేదె చూడి కట్టిందో లేదో దూరం నుంచి నడక చూసి చెప్పేవాడు. నేను చేయి పెట్టి పరీక్షించి అదే మాట చెబితే, మర్యాద కోసం ఆశ్చర్యపడినట్టు తల ఊపేవాడు.

ఆ నెలలోనే గొర్రెలకు, మేకలకు పీపీఆర్ టీకాలు మొదలయ్యాయి. మేం పీపీఆర్ అనే జబ్బును కాపరులు పారుడు రోగం అంటారు. జ్వరంతో మొదలై ముక్కు, కళ్లు కారతాయి. నోట్లో పుండ్లు లేస్తాయి. ఆ తర్వాత పారుడు పట్టుకుంటే జీవం నాలుగైదు రోజుల్లో పడిపోతుంది. నేరుగా పనిచేసే మందు లేదు. ముందుగా టీకా వేసుకోవడం ఒక్కటే దారి. ఆ టీకా పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది. ద్రావణం కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, అప్పటిదాకా మంచులోనే ఉంచాలి. గొర్రె మెడ పక్కన చర్మం కింద సూది వేసి, వేసిన గుర్తుగా తొడ మీద రంగు చుక్క పెడతాం. దాని రక్షణ పూర్తిగా రావడానికి రెండు వారాల దాకా పడుతుంది. ఈ చివరి సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తుండదు. సూది పడిన మరునాటి నుంచే రోగం రాదనుకుంటారు.

మండలంలో ఒక ఊరికి వెళ్లాం. పేరు రాయను. కురుమల ఇళ్లు ఎక్కువ, జీవాలే బతుకుతెరువు. మందలు మేతకు కదలకముందే చేరాలని తెల్లవారేసరికి దొడ్ల దగ్గర ఉన్నాం. కుల పెద్ద రాజయ్య దగ్గరుండి ఒక్కొక్క దొడ్డే విప్పించాడు. ఎండ ముదిరేలోగా పని ముగిసింది. ఒక్క గొర్రె కూడా మిగలలేదని నివేదికలో రాసి సంతకం చేశాను. అంత సాఫీగా జరిగిన పని మా ఉద్యోగంలో అరుదు, అందుకే కొంచెం గర్వపడ్డాను కూడా.

పన్నెండో రోజు రాజయ్య ఫోన్ చేశాడు. జీవాలు పడిపోతున్నాయన్నాడు. నేను చేరేసరికి ఊరు ఊరంతా దొడ్ల దగ్గరే ఉంది. రెండు మందల్లో పారుడు కనబడుతోంది. నాలుగు గొర్రెలు అప్పటికే చచ్చాయి.

“మీరు సూది వేయకముందు మంచిగనే ఉండె,” అన్నాడు రాజయ్య. “మీరు వచ్చి పోయినంకనే గిట్లాయె. గా మందుల ఏముండెనో ఏమో!”

ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువ. ఆ మాట పక్క ఊళ్లకు పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. మరునాడు టీకాకు వెళ్లాల్సిన ఊరివాళ్లు, మా ఊరికి రావద్దని ముందే కబురు పెట్టారు. జిల్లా కార్యాలయం నుంచి పై అధికారి ఫోన్ చేసి మంచు డబ్బా సంగతి అడిగారు. టీకా వేడెక్కితే పనిచేయదు. పనిచేయకపోతే తప్పు ఎవరిదో తేల్చాలి కదా.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నలుగురి ముందు సత్తార్ మీద విరుచుకుపడ్డాను. మంచు కరిగిపోయిందేమో చూసుకోలేదా అని అరిచాను. అతను తల దించుకోలేదు, గొంతు పెంచనూ లేదు.

“కరగలేదు మేడం. చివరి సీస తీసేదాక ఐస్ గడ్డలు చేతికి తగిలినయ్. ముప్పై ఏండ్ల సంది గీ డబ్బా మోస్తున్న,” అన్నాడు.

చచ్చిన గొర్రెకు శవపరీక్ష చేశాం. పెద్దపేగు లోపలి పొర మీద చారలు చారలుగా ఎర్రదనం కనిపించింది. పారుడు రోగానికి అది మేం నమ్మే గుర్తు. నమూనాలు ప్రయోగశాలకు పంపాలి, ఫలితం రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. చారలు చూశాక నాకు ఒకటి అర్థమైంది. ఇది టీకా తెచ్చిన రోగం కాదు, టీకా రక్షణ రాకముందే బయటి నుంచి వచ్చి పడిన రోగం. అయితే బయటి నుంచి ఎలా వచ్చింది? పశువుల అంగడికి ఎవరైనా వెళ్లారా, కొత్త జీవాన్ని ఎవరైనా కొన్నారా అని ఇల్లిల్లూ అడిగాను. అందరూ లేదన్నారు. అబద్ధం ఆడుతున్నట్టు ఒక్క మొహమూ కనబడలేదు.

మధ్యాహ్నం జబ్బు గొర్రెల మూతులు పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, పుండ్లకు బోరోగ్లిజరిన్ పూస్తున్నాం. అప్పుడు కొమురమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. భర్త పక్షవాతంతో మంచం పట్టాడు, నలభై మూడు జీవాలను ఒక్కతే మేపుకుంటోంది. జబ్బు పడ్డ రెండు మందల్లో ఒకటి ఆమెదే.

“జర ఇటు రా డాక్టరమ్మా. గీ మాట నలుగురిల చెప్పేది కాదు,” అంది మెల్లగా.

దొడ్డి వెనక్కు తీసుకెళ్లింది.

“నా మందల మొదాలు పడ్డది సుక్కల గొర్రెపిల్ల. పడకముందు దేవుని పొట్టేలు పక్కపొంటి పండింది. గా పొట్టేలుకు ముక్కు కారుతుండంగ నేను జూసిన. తర్వాత గది ఐలయ్యోళ్ల దొడ్డికి పోయింది. ఇప్పుడు వాళ్లయీ పడుతున్నయ్. చెప్తె పాపమని ఇన్నొద్దులు ఊకున్న.”

దేవుడి పొట్టేలు సంగతి నాకు తెలియక కాదు. కురుమల కులదైవం బీరప్పకు మొక్కిన పొట్టేలును నొసట పసుపు పెట్టి, మెడలో గంట కట్టి వదిలేస్తారు. పండుగ నాటిదాకా దానికి పగ్గం వేయరు, అదిలించరు. అది ఏ మందలోనైనా మేస్తుంది, ఏ దొడ్లోనైనా పడుకుంటుంది. వస్తే ఆ ఇంటివాళ్లు సంతోషిస్తారు. తెలిసి కూడా, టీకా నాడు అది ఎక్కడుందని నాకు అడగాలనిపించలేదు. సూది పోటు పడితే మొక్కు చెడుతుందని ఆ పొద్దున దానికి మేత ఆశ చూపి వాగు వైపు మళ్లించారట. వాళ్లు నా దగ్గర దాచాలని దాచలేదు. దేవుడి సొత్తును పశువుల దవాఖాన లెక్కలోకి తేవడం వాళ్లకు తోచనే లేదు, అంతే. వాగు అవతలి ఊళ్లో అంతకు ముందు నుంచే మేకలు చస్తున్నాయని తర్వాత తెలిసింది. అది జనగామ జిల్లా, ఇవతల మహబూబాబాద్ జిల్లా. ఆ కబురు ఇటు చేరే ఏర్పాటు రెండు జిల్లాల మధ్య లేదు. పొట్టేలు మాత్రం వాగు దాటి వెళ్లి రెండు రోజులుండి తిరిగొచ్చింది.

కొమురమ్మకు చదువు రాదు. కానీ ఏ గొర్రె ఏ రోజు ఏ గొర్రె పక్కన పడుకుందో చెప్పగలిగింది. రోగం ఎవరి నుంచి ఎవరికి పాకిందో వెతికి రాయడం మా శాఖలో పెద్ద పని, దానికి ప్రత్యేకంగా శిక్షణ ఉంటుంది. నాకు ఆ శిక్షణ ఉంది. ఆమెకు చూపు ఉంది.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ఇంకో వారం పది రోజులు మందలు ఒకదానితో ఒకటి కలవకూడదు. అందరూ ఒకే కుంటలో నీళ్లు తాపకూడదు. అన్నిటికంటే ముందు ఆ పొట్టేలును కట్టేయాలి. ఊరివాళ్లను కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పాను. మొదటి రెండింటికీ తల ఊపారు. మూడో మాటకు అందరూ రాజయ్య వైపు చూశారు.

“దేవుని పొట్టేలుకు పగ్గమేసుడు మా తాతల కాలంల గూడ లేదు,” అన్నాడు రాజయ్య. “రేపు ఊరి మీదికి ఏమన్న వస్తె ఎవలు పూచీ?”

ప్రభుత్వ ఉత్తర్వు పుస్తకంలో దేవుడికి వర్తించే సెక్షన్ ఏదీ లేదు. ఆడవాళ్ల వరుసలోంచి కొమురమ్మ లేచింది.

“నేను కట్టేస్త మామా. నా మందల రోగం ఎట్లయిన వచ్చె. దాన్ని నా కాడనే ఉంచుకుంట. ఇంకో దొడ్డికి పోకుంటుంటది.”

“నీకు సోయి ఉన్నదా కోడలా? పాపం ఎవలకు సుట్టుకుంటదో ఎరికేనా?”

“దేవుడు అడిగితె నేను చెప్పుకుంట. జీవాలన్ని పోయినంక ఆయనకు మొక్కేటోళ్లు ఎవలుంటరు మామా?”

రాజయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏ మంద ఏ పూట నీళ్లకు వెళ్లాలో వంతులు చెప్పడం మొదలుపెట్టాడు. సరేనని మాత్రం ఆయన నోటితో అనలేదు. ఆ సాయంత్రమే కొమురమ్మ పొట్టేలు మెడకు పగ్గం వేసి తన దొడ్లోకి తీసుకుపోయింది. దారిలో నిలబడినవాళ్లలో కొందరు మొహం తిప్పుకున్నారు.

ఆమె ఏం చేస్తోందో ఆమెకు పూర్తిగా తెలుసు. రోగం మోస్తున్న జీవాన్ని తన మందలో ఉంచితే, ఇంకా పడనివీ పడతాయి. ఆ మాట నేను దాచకుండా చెప్పాను, మందను రెండుగా విడదీసే వీలుందేమో చూద్దామన్నాను. విడదీయడానికి ఆమెకు రెండో దొడ్డి లేదు, కాచే రెండో మనిషీ లేదు. ఆఖరి జీవం తేరుకునేదాకా మూడు వారాలు మందను కుంటకు తోలలేదు. చేతిపంపు నుంచి బిందెలతో నీళ్లు మోసి తొట్టి నింపింది. మేతకు కొమ్మలు నరికి తెచ్చింది. భర్తకు, జీవాలకు, ఆ పొట్టేలుకు అన్నీ ఆమే. నేను వెళ్లినప్పుడల్లా ముందుగా పొట్టేలు ఎట్లుందో చెప్పి, తర్వాతే తన గొర్రెల సంగతి చెప్పేది.

నేను, సత్తార్ ఆ మూడు వారాలు చుట్టూ ఉన్న ఊళ్లు పట్టుకు తిరిగాం. రోగమున్న ఊరిని మధ్యలో వదిలి, బయటి ఊళ్ల నుంచి లోపలికి టీకాలు వేస్తూ రావడం పద్ధతి. రావద్దని కబురు పెట్టిన ఊరివాళ్లు, కొమురమ్మ సంగతి విని తామే పిలిచారు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ముందు దేవుడి పొట్టేలు ఎక్కడుందని అడిగాను. సత్తార్‌కు నలుగురి ముందే క్షమాపణ చెప్పాను. తిట్టింది నలుగురి ముందు కదా. అతను నవ్వి, “ఎండకు అట్లనే అయితది మేడం,” అన్నాడు. అది జూలై, వానలు పడుతున్నాయి.

రోగం ఆ రెండు మందల దగ్గరే ఆగిపోయింది. ఐలయ్య మందలో ఆరు పోయాయి. మిగతా ఊళ్లో ఒక్కటీ పోలేదు. కొమురమ్మ దొడ్లో నలభై మూడింటిలో పదిహేడు మిగిలాయి. పొట్టేలు బతికింది. ఆఖరి సారి చూడటానికి వెళ్లినప్పుడు ఆమె ఖాళీ అయిన దొడ్డిని సున్నంతో కడుగుతోంది. ఆమే అంది, “పదిహేడున్నయ్ గద డాక్టరమ్మా. మా అత్త పన్నెండుతోటి మొదలువెట్టింది.” నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కుల పెద్దలు ఆమెకు తప్పు వేశారు. పొట్టేలును పసుపు నీళ్లతో కడిగి కొబ్బరికాయ కొట్టమన్నారు. ఆమె మారు మాట్లాడకుండా చేసింది. తర్వాతి విడత టీకాలకు వెళ్లేసరికి రాజయ్య ఆ ఏడు మొక్కిన పొట్టేలును కొమ్ములు పట్టుకుని నా ముందు నిలబెట్టాడు. “ముందుగాల దీనికే వేయుండ్రి,” అన్నాడు.

ఆ వ్యాధిని అదుపు చేసినందుకు శాఖ నన్ను మెచ్చుకుంది. సకాలంలో టీకాలు వేయడం వల్ల వ్యాప్తి ఆగిందని నేను పంపిన నివేదికలో ఉంది. అది అబద్ధం కాదు. అందులో సత్తార్ పేరు రాశాను, పంచాయతీ సహకారం గురించి రాశాను. కొమురమ్మ పేరు రాయలేదు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు, నాకే తోచలేదు. చచ్చిన గొర్రెల పట్టికలో మాత్రం ఆమె పేరు ఉంది, ఎక్కువ నష్టపోయిన యజమానిగా.

మన పశుపోషణకు డాక్టర్లు కావాలి, దగ్గరలో ప్రయోగశాలలు కావాలి, జిల్లాల మధ్య కబురు నడవాలి. ఇవన్నీ నేను సమావేశాల్లో చెప్పాను, రిటైరైన ఇప్పుడూ చెబుతాను. ఆ మూడు వారాలు మాత్రం నాకు ఇంకొకటి నేర్పాయి. రోగం ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం మా పనిలో సగం. ఎవరు నష్టపోతే అది ఆగిందో రాసిపెట్టడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని నేను ఉద్యోగంలో ఉండగా చేయలేదు.