పాపాయి జవాబు కోసం ఆగే అవ్వ

మా పాపకు నీళ్లు పోయడానికి పాతపట్నంలో మా ఇంటికి ఒక అవ్వ వచ్చేది. పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. కబుర్లు చెబుతూ ఉంటే మెదడు బాగా ఎదుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. కాలేజీలో గంటసేపు పాఠం చెప్పే నాకు ఆ గుప్పెడంత మొహం చూస్తే ఒక్క మాటా వచ్చేది కాదు. అందుకని ఫోనులో పాటలు పెట్టేదాన్ని.

అవ్వ మొదటి రోజే ఆ ఫోను ఆపించేసింది. "అది వాగుతాది గానీ, పిల్ల సెప్పింది ఇంటాదేటి?"

కాళ్లు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ మొదలుపెట్టేది. "మా గేదె ఈనినాదే అమ్మా. పెయ్యదూడ. ఏటి పేరెడదుం?" అని అడిగి, చేతులు ఆపి, పాప కళ్లలోకి చూస్తూ కూర్చునేది. నేను ఉండబట్టలేక "లక్ష్మి అని పెట్టు అవ్వా" అంటే కసిరింది. "నిన్నడిగినానేటి?"

రోజూ అదే ప్రశ్న. మూడో నెల వచ్చినా దూడకు పేరు లేదు, పాప నోట ఉలుకూ పలుకూ లేదు. లోపల బెంగతో, సిగ్గు విడిచి నేనూ పాపను అడగడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం అవ్వ అడిగి, ఎప్పటిలాగే ఆగింది. పాప పెదవులు సున్నాలా చుట్టి "ఉంగా" అంది. నేను చెంబు వదిలేసి గెంతాను. అవ్వ మాత్రం బుద్ధిగా తలూపి, "సరే తల్లీ, అదే ఎడదుం" అంది.

పాపకిప్పుడు ఐదేళ్లు. రోజూ ఉంగమ్మ పాలే తాగుతుంది.