కాగితం రుచి చూసే మాస్టారు

కాగితం కనిపిస్తే ఇమ్మానియేలు మాస్టారి చెయ్యి ఆగదు. దారిన పోయేవాడి చేతిలోంచి లాక్కుని, మూల నాలుకకి ఆనించి, "వెదురు", "వరిగడ్డి", "పాతగుడ్డలు" అని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు. తర్వాత, సిరా ఎలా పట్టిందో చూడాలంటూ ఉన్నదంతా పైకి చదివేస్తారు. ప్రత్తిపాడులో శుభలేఖలు పంచేవాళ్లు ఆయనకి రెండేసి ఇచ్చేవాళ్లు. ఒకటి చదవడానికి, ఒకటి నాకడానికి.

మిషన్ బడిలో రిటైరయ్యాక, ఒకప్పుడు పొగాకు కాల్చిన, పాడుబడిన బ్యారన్‌లో కాగితాల మ్యూజియం పెట్టారు. వాగులో తుంగ కోసుకొచ్చి, కాడలు చీల్చి, నిలువుగా, అడ్డంగా పేర్చి, బాది, పచ్చడిబండ కింద అదిమితే ఈజిప్టు కాగితం తయారు. పత్తికట్టె ఉడికించి ఒక రకం, మిరపకట్టెతో ఒక రకం. మిరప కాగితం మీద సంతకం పెట్టాలంటే మూడు తుమ్ములు పడేవి.

భార్య రెబ్కమ్మ ఇంటికొచ్చినవాళ్లకి ముందే చెప్పేది: "పచ్చడి అడక్కండి. బండ ఈజిప్టులో ఉంది."

మ్యూజియానికి గైడు జక్రయ్య. ఎవరూ పెట్టలేదు, తనకు తానే అయ్యాడు. మిరప బస్తాలు మోస్తాడు. ఎనిమిదో తరగతిలో మానేశాడు గానీ, లేకపోతే కలెక్టరేనట. నిజానికి మానేసింది ఒకటో తరగతి, అదీ మొదటి వారం. వెనకగోడకి వేలాడే వంకర గీతల కాగితాలు చూపించి, "ఇది ఈజిప్టు రాజు ఫరో సొంత రాత. జొరంలో రాశాడు" అనేవాడు. మాస్టారు వినీ కాదనేవారు కాదు.

ఎనభై నాలుగు వేసవిలో ఒకరోజు, టీకొట్టు దగ్గర పోస్టుమ్యాను జక్రయ్యకి కవరిచ్చి వెళ్లాడు. భార్య ఎలీసమ్మ గుంటూరు హాస్టల్లో వంటపనికి అర్జీ పెట్టుకుని రెండు నెలలుగా ఆ కవరు కోసమే చూస్తోంది. ఇప్పుడు పక్కనే నిలబడి ఉంది.

"ఏరా కలెక్టరూ, ఏం రాశారు?" అన్నాడు టీకొట్టు పేరయ్య.

జక్రయ్య కాగితాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశాడు. పెదాలు కదిపాడు. "ఖాళీ లేదంట. వచ్చే ఏడు చూస్తారంట."

"పోన్లే," అని ఎలీసమ్మ గంప ఎత్తుకుంది. జక్రయ్య సగం టీ బల్ల మీదే వదిలేశాడు.

అంతలో మాస్టారి సైకిలొచ్చింది. దిగీ దిగకుండానే లాక్కున్నారు, నాకారు. "వరిగడ్డి. సిరా చూద్దాం. 'ఎలీసమ్మ గారు గురువారం ఉదయం పది గంటలకు వచ్చి వార్డెన్‌ని కలవవలెను.' బాగానే పట్టింది."

"ఖాళీ లేదన్నావుగా రా?" అన్నాడు పేరయ్య.

జక్రయ్య చెవులు పండుమిరపకాయలయ్యాయి.

"వాడు చదివిందీ కరెక్టే," అన్నారు మాస్టారు. "వెనకాల చిన్నక్షరాల్లో ఉంది. వేరే ఊళ్ల హాస్టళ్ల సంగతి." కాగితం మడిచి ఎలీసమ్మ చేతిలో పెట్టారు.

వెనకాల ఏమీ లేదని చదువురాని జక్రయ్యకి కూడా తెలుసు. ఎలీసమ్మ ఆ తెల్లటి వైపు ఒకసారి, మొగుడి మొహం ఒకసారి చూసి, గంప సర్దుకుని నడిచింది.

సాయంత్రం బ్యారన్‌కి వెళ్తూ జక్రయ్య ఆలోచించాడు. ఈయన హెడ్మాస్టరు చేతిలో కాగితం ఎప్పుడైనా లాక్కున్నారా? పోస్టుమాస్టరు చేతిలో? ఊహూ. లాక్కున్నదల్లా చదువురాని తనలాంటివాళ్ల దగ్గరే.

"సమయానికొచ్చావు," అన్నారు మాస్టారు. "మిరప కాగితానికి సిరా పరీక్ష చెయ్యాలి. నా చెయ్యి వణుకుతోంది. ఓ అక్షరం గియ్యి."

"ఏ అక్షరమండి?"

"మొదటిదే. నే చూపించినట్టు తిప్పు."

అరగంటలో ఏడు తుమ్ములు, ఒక 'అ' వచ్చాయి. మాస్టారు దాన్ని వెనకగోడకి తగిలించారు. జక్రయ్య దగ్గరికెళ్లి చూస్తే, ఫరో రాసిందీ అచ్చం అదే అక్షరం.

"అది నీతో బస్తాలు మోసే అంకయ్యది. ఇది బండి తోలే బుడేది," అన్నారు మాస్టారు. "ఈమధ్య వాళ్ల కాగితాలు నేను లాక్కోవడం లేదు, గమనించావా?"

ఎలీసమ్మకి పని దొరికింది. ఆర్నెల్లకి ఆమె రాయించిన కార్డొచ్చింది. జక్రయ్య టీకొట్టు దగ్గరే కూర్చుని, రెండు టీలు చల్లారేదాకా కూడబలుక్కుని మొత్తం చదివాడు. మాస్టారు సైకిలు ఆపకుండా పోతున్నారు.

"మాస్టారూ, లాక్కోరా?"

"అది ఏ గడ్డో నువ్వే చెప్పరా," అని తొక్కుకుంటూ వెళ్లిపోయారు.

జక్రయ్య కార్డు మూల నాలుకకి ఆనించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత టీకొట్టంతటికీ వినపడేలా, "ఈజిప్టుదే," అన్నాడు.