ఫోను నేర్పిన మాట

యాకుత్‌పురాలో బర్రెల్ని సాకి, ఇంటింటికీ పాలు పోసిన మా బాపుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. సాధన చేస్తే మెదడు మాటకు కొత్త దారులు వెతుక్కుంటుందని చెప్పి, డాక్టరు మాటలు నేర్పే యాప్ ఒకటి ఫోన్లో వేయించారు. బాపు ఎంతో కష్టపడి మా యాసలో "నీళ్లు తాగిన" అంటే ఫోను తప్పంది. "తాగాను" అనేదాకా వదల్లేదు.

కొన్నాళ్లకు బాపు అమ్మతో, "దయచేసి తేనీరు ఇవ్వండి" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకు దక్కిన ఆ మర్యాదకు అమ్మ బెదిరిపోయింది. "గీయనకేమైందిరా? మల్ల దవాఖానకు తీస్కపోదాం పా" అంది నాతో.

ఒకరోజు ఫోను ఒకే మాటను పదేపదే తప్పంటుంటే బాపుకు కోపమొచ్చింది. "ఏందిర నీ లొల్లి? సక్కగనే అన్న గదా!" అని అరిచాడు. ఎక్కడా తడబడలేదు. అమ్మ సంతోషంతో ఏడ్చేసింది.

"క్షమించండి, మళ్ళీ ప్రయత్నించండి" అంది ఫోను.

బాపు ఇంకా గట్టిగా తిట్టాడు.