కాయల్లేని కాలంలో ద్రాక్షతోటకి

మా ఆయన నన్ను బెజవాడ దాటించింది పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి, అదీ వాళ్ళ బంధువుల పెళ్ళికి. అలాంటి మనిషి ఈమధ్య ఒక వేసవిలో, మధ్యాహ్నం భోజనం చేస్తూ, బడి సెలవుల్లో నాసిక్ వెళ్దామన్నారు. అక్కడ ద్రాక్షతోటలు చూడొచ్చట. వైను తయారుచేసే చోటు కూడా టికెట్టు పెట్టి చూపిస్తారట. పప్పు వడ్డించబోతున్నదాన్ని, గరిటె గిన్నెలోనే వదిలేశాను.

ఎందుకు వదిలేశానో చెప్పాలి. మా ఆయన తాగుడు మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. మానకముందు మా ఇల్లు ఎలా ఉండేదో తిరువూరులో మా వీధివాళ్ళనడిగితే నాకంటే బాగా చెబుతారు. నేను టీచర్ని. బడి నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా మొదట బియ్యం బస్తా వెనక, తర్వాత బండి డిక్కీలో సీసా కోసం వెతికేదాన్ని. ఆయన తాగుడు మానేశారు గాని నేను వెతకడం మానలేదు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే మంచినీళ్ళ గ్లాసుతో ఎదురెళ్ళి, కాస్త ఎక్కువ దగ్గరగా నిలబడేదాన్ని. నీళ్ళు వంక మాత్రమేనని ఆయనకీ తెలుసు. గ్లాసు అందుకునే ముందు, చూసుకో అన్నట్టు నా మొహం మీదికి ఒక ఊపిరి వదిలేవారు.

వేడిపాలతో నోరు కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. నేను మజ్జిగ ఉన్న గదిలోకే వెళ్ళని రకం. అలాంటి నన్ను పట్టుకుని ఈయన వైను చూద్దాం రమ్మంటున్నారు.

నా అనుమానానికి ఇంకా గట్టి కారణం ఒకటుంది. మా చర్చిలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. చిన్న రొట్టె ముక్క, వేలెడంత గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. మనసులో తప్పు పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి రాకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. అందుకే ఎవరు లేచి వెళ్ళారు, ఎవరు కూర్చుండిపోయారు అన్నది ఆడవాళ్ళ వైపు నుంచి మేం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే చూస్తుంటాం. ఆ ఏడాది జనవరిలో మా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళారు. ఫిబ్రవరి నుంచి మాత్రం సరిగ్గా ఆ వేళకి ఫోను చెవికి ఆనించుకుని బయట వేపచెట్టు కిందకి వెళ్ళిపోతున్నారు. ఆదివారం పొద్దున్నే ఆయనకి ఫోను చేసేంత పనున్న వాళ్ళెవరూ లేరు. మళ్ళీ మొదలెట్టారు, మనస్సాక్షి ఒప్పుకోక బల్లకి దూరంగా ఉంటున్నారు అనుకున్నాను. నా పక్కన కూర్చునే ఆడవాళ్ళూ అదే అనుకున్నారని వాళ్ళు నన్ను పలకరించే తీరులో తెలిసేది.

ఆ బల్ల మీదికి రసం చేసేది మా అత్తగారే. వాళ్ళ అత్తగారి నుంచి ఆవిడకి సంక్రమించిన పని అది, దాన్ని ఇంకెవరికీ వదలరు. నల్లద్రాక్ష వచ్చే రోజుల్లో తలస్నానం చేసి, ప్రార్థన చేసుకుని, వంటింటి తలుపు వేసుకుని మొదలుపెడతారు. ఏడాదికి సరిపడా సీసాల్లో పోసి ఉంచుతారు. ఇదివరకు కాయల్ని ఉడకబెట్టి వడకట్టేవారు. ఎక్కడో సభల్లో కలిసిన ఒకావిడ, ఉడకబెడితే రంగూ రుచీ చచ్చిపోతాయి, పచ్చికాయలే చిదిమి పంచదార వేసి కొన్ని వారాలు జాడీలో ఊరనివ్వండి అని చెప్పిందట. ఆ ముందటేడు నుంచి అలా చెయ్యడం మొదలుపెట్టారు. పాత సీసాలు అయిపోయి ఆ జనవరిలో కొత్త రసం బల్ల మీదికి వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. చర్చి అయ్యగారైతే ఇన్నేళ్ళలో ఇంత మంచి రసం ఎప్పుడూ కుదరలేదన్నారు.

ఏప్రిల్‌లో ఒకరోజు సామాన్ల గదిలోకి వెళ్తే మందు వాసన వచ్చింది. ఈ విషయంలో నా ముక్కు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. బస్తాలు జరిపాను. ట్రంకుపెట్టె కింద చెయ్యి పెట్టి తడిమాను. అత్తగారు ఆ ఏటి ద్రాక్ష ఊరబెట్టిన జాడీని కూడా పక్కకి లాగి దాని వెనక చూశాను. సీసా దొరకలేదు. దొరకనందుకు సంతోషించాల్సింది పోయి, దాచడంలో ఈయన ఆరితేరిపోయారని కుమిలిపోయాను.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఉన్నప్పుడు వచ్చిందీ నాసిక్ ప్రయాణం. అమ్మని కూడా తీసుకెళ్దామన్నారు ఆయన. తల్లి పక్కనుంటే నేను నోరెత్తనని ఆవిణ్ణి అడ్డం పెట్టుకుంటున్నారనుకున్నాను. అత్తగారు మాత్రం చిన్నపిల్లయిపోయారు. ద్రాక్షతోట అనే మాట పుట్టినప్పటి నుంచి ప్రసంగాల్లో వింటున్నారు గాని ఒక్కసారీ కళ్ళతో చూడలేదు. చూస్తే చాలు, ఇక ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగనన్నారు.

మా బడిలో గంపలగూడెం నుంచి వచ్చే టీచరమ్మ ఉంది. వాళ్ళ మరిది నాసిక్ వైపు పనిచేసి వచ్చాడు. మే నెలలో అక్కడ కాయలేముంటాయి, ఏప్రిల్‌లోనే కొమ్మలు కత్తిరించేస్తారు కదా అంది. ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. తెలుసన్నారు. తెలిసి తెలిసీ కాయల్లేని తోటకి వెళ్ళే మనిషి తోట కోసం వెళ్ళడు కదా. పైగా అవి మా వైపు మామిడికాయ దిగే రోజులు. రెడ్డిగూడెం, విస్సన్నపేట రోడ్లన్నీ కాయల లారీలతో నిండిపోతాయి. ఇంటి ముందు పండు పెట్టుకుని పరాయి రాష్ట్రంలో మోడు చూడ్డానికి వెళ్ళడమేమిటి? ఆ మర్నాడు ఆయన పెరట్లో నిలబడి ఫోనులో ఎవరితోనో హిందీలో మాట్లాడుతుంటే ‘టేస్టింగు’ అన్న మాట నా చెవిన పడింది. అంటే రుచి చూడటం. అంతటితో నాకు మిగిలిన కొంచెం నమ్మకమూ పోయింది. అయినా వద్దనలేదు. వద్దంటే ఒక్కరే వెళ్తారు. వెంట ఉంటే కనీసం చెయ్యి పట్టుకోవచ్చు.

ఆవకాయ పెట్టి, మూడోరోజు తిరగకలిపి, బయలుదేరాం. బెజవాడలో షిర్డీ వైపు వెళ్ళే రైలెక్కాం. పెట్టె నిండా షిర్డీ యాత్రికులే. ఎదురుసీటావిడ మా అత్తగారిని మీకు దర్శనం ఎప్పుడండీ అని అడిగితే, మేం దర్శనానికి కాదండీ, ద్రాక్షతోటకి అన్నారీవిడ. ఆవిడ మావైపు అదోలా చూసింది. స్టేషన్లో రైలాగినప్పుడల్లా మా ఆయన దిగేవారు. నేను కిటికీ ఊచలకి మొహం ఆనించి ఆయన చొక్కా కనిపించినంతవరకూ చూసేదాన్ని. టీ కోసం దిగినప్పుడు ఆయన సంచి వెతికాను. తువ్వాలు, అత్తగారి బీపీ మాత్రలు, మేం తాగే నీళ్ళ సీసా ఉన్నాయి. నీళ్ళ సీసా మూత తీసి వాసన చూశాను. నీళ్ళే.

దారిలో రైలు మారి నాసిక్‌లో దిగిన మర్నాడు పొద్దున కారు మాట్లాడుకుని తోటకి వెళ్ళాం. కనుచూపు మేర రాతి స్తంభాలు, ఇనుప తీగలు, వాటికి కట్టిన మోడులు, మోడుల మీద మూరెడు కూడా లేని కొత్త చిగుళ్ళు. అత్తగారు ఒక మోడుని చేత్తో తడిమి, దీనికంటే మన కాకరపాదు నయం కదే అన్నారు. టికెట్ల దగ్గర అబ్బాయి రుచి చూసేవాళ్ళకి చేతికి కాగితం పట్టీ కడుతున్నాడు. మా ఆయన మాకొద్దన్నారు. నా ముందు నాటకం అనుకున్నాను. వచ్చేటప్పుడు వైను అమ్మే కొట్టు మీంచే రావాలి, అప్పుడు చూద్దాం ఈయన సంగతి అని చెంగు నడుములో దోపుకున్నాను.

లోపల చల్లగా ఉంది. మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు వరసగా ఉన్నాయి. గదిలో అడుగుపెట్టగానే ఆ వాసన. నాకు తెలిసిన వాసనే. గబుక్కున ఆయన పక్కకి జరిగి భుజం దగ్గర వాసన చూశాను. ఆయన దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

అన్నీ తిప్పి చూపించే కుర్రాడు హిందీ, ఇంగ్లీషు కలిపి చెబుతున్నాడు. మా ఆయన నావైపు తిరిగి, అమ్మకి తెలుగులో నువ్వే చెప్పు అన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కాయలు కోసి తెస్తారంట, చిదిమి ఈ ట్యాంకుల్లో పోస్తారంట అంటూ ఒక్కొక్కటే చెబుతున్నాను. అత్తగారు శ్రద్ధగా విని, మరి ఇందులో సారా ఎప్పుడు కలుపుతారో అడగమన్నారు. అడిగాను. కుర్రాడు నవ్వాడు. కలిపేదేమీ లేదట. కాయ తొక్క మీదే ఈస్టు అని, పులియబెట్టేది ఒకటి ఉంటుందట. దాంతో ఇడ్లీపిండి పులిసినట్టు రసం దానంతటదే పులిసి, అందులోని తీపి అంతా మందుగా మారిపోతుందట.

అది తెలుగులో చెప్పేశాను. చెప్పాక కూడా నాకు వెలగలేదు. అప్పుడు మా ఆయన తనకొచ్చిన హిందీలో అడిగారు. ఇంట్లో పచ్చికాయలు చిదిమి, పంచదార వేసి, జాడీలో మూతపెట్టి కొన్ని వారాలు ఉంచితే ఏమవుతుందని. కుర్రాడు ఏమాత్రం ఆలోచించకుండా, అదీ వైనే, పంచదార ఎక్కువేస్తే ఇంకా గట్టి వైను అన్నాడు.

నేనూ నెలనెలా ఆ రసం తాగాను. గొంతులో వెచ్చగా దిగితే అది భక్తి అనుకున్నాను. మా అందరికీ ఒకటే తెలుసు, ఎవరో ఏదో కలిపితేనే మందు. ప్రార్థన చేసి, తలుపు వేసుకుని, చేతులు కడుక్కుని చేసినదాంట్లోకి మందు ఎక్కణ్ణుంచి వస్తుంది?

“ఏమన్నాడమ్మా?” అన్నారు అత్తగారు.

“ఇంట్లో చేసినా అంతేనంట అత్తయ్యా. ఏమీ కలపక్కర్లేదంట.”

ఆవిడ ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశారు. తర్వాత, ఉడకబెడితే అని మెల్లిగా అడిగారు. ఉడకబెట్టి శుభ్రంగా దాస్తే పులవదట అని చెప్పాను. ఆవిడ పక్కనున్న మెట్టు మీద కూలబడి, మా అత్త ఉడకబెట్టే చేసేది అన్నారు. ఆ తర్వాత కొడుకు మొహంలోకి చూసి, నీకు ముందే తెలుసా నాయనా అని అడిగారు. ఆయన తలూపారు.

మొహం కడుక్కుని వస్తానని అత్తగారు వెళ్ళాక మేమిద్దరం మిగిలాం. ఆయన గోడకి ఆనుకుని చెప్పుకొచ్చారు. జనవరిలో ఆ గ్లాసు నాలుకకి తగలగానే తెలిసిపోయిందట. ఆ సాయంత్రం ఆయన కాళ్ళు బైపాసు దగ్గరున్న బ్రాందీషాపు దాకా తీసుకెళ్ళాయట. షాపు ఎదురుగా నిలబడి నిలబడి వెనక్కి వచ్చేశారట. ఆ రోజు ఆలస్యమైందని నేను అన్నం పెట్టకుండా గొడవపడటం నాకు గుర్తుంది. తల్లికి తన నోటితో చెప్పే ధైర్యం లేక, పరాయివాడెవడైనా చెబితే వింటుందని ఇంతదూరం తీసుకొచ్చారు. రుచి చూడకుండా లోపలికి రానిస్తారా అనే ఆ రోజు ఫోనులో అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లికి చెప్పలేకపోతే నాకు చెప్పొచ్చు కదా అన్నాను. ఇన్ని నెలలు నేను పడ్డ నరకం, చర్చిలో ఆడవాళ్ళ చూపులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా కక్కేశాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

“తాగుబోతుగాడు వచ్చి ప్రభువు బల్ల మీద మందుందంటే నువ్వు నమ్మేదానివా?”

నమ్మేదాన్ననే అనబోయాను. ఆయన మొహం చూస్తూ ఆ అబద్ధం ఆడలేకపోయాను.

“నమ్మేదాన్ని కాదు,” అన్నాను.

ఆయన తలూపారు. కోప్పడినా బాగుండేది. తెలిసిన సంగతే అన్నట్టు తలూపడం నాకు చాలా బాధగా తగిలింది. అప్పుడు చూశాను, ఆయన నుదురంతా చెమట పట్టింది. అంత చల్లటి గదిలో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రెండు చేతులూ జేబుల్లో బిగించి పెట్టుకున్నారు. ఏమైందని అడిగాను.

“తాగాలనుంది,” అన్నారు. “ఈ వాసనకి ఇంక నిలబడలేను.”

ఆయన మాటని వెంటనే, వాసన చూడకుండా, ఇంకో ప్రశ్న వెయ్యకుండా నమ్మడం నాకదే మొదటిసారి. జేబులోంచి ఆయన చెయ్యి లాగి పట్టుకున్నాను. అమ్మే కొట్టు మీంచి కాకుండా వచ్చిన దారినే బయటికి నడిపించుకొచ్చి, అత్తగారిని కేకేసి, ముగ్గురం కారెక్కాం.