దారి చూపే ఆర్గిరిస్

గ్రీసులోని థెస్సలొనీకి నగరం పైపేటలో పుట్టి పెరిగిన ఆర్గిరిస్‌కు ‘తెలియదు’ అన్న మాటకు మాత్రం నోరు తిరగదు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూసల దండ, కాఫీ కొట్టు ముందు ఆయనదంటూ ఒక కుర్చీ. భుజాన సంచీతో ఎవరు కనిపించినా అడక్కముందే లేచి నిలబడతాడు.

ఆ ఉదయం ఒక డచ్చి అమ్మాయి వచ్చీరాని గ్రీకులో కోట గుమ్మం ఎటని అడిగింది. "నా వెనక రామ్మా, కళ్లు మూసుకుని తీసుకెళ్తా" అంటూ ఆయన పూసలు టకటకలాడిస్తూ ముందు నడిచాడు. రాతిమెట్లు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. ముచ్చటగా మూడోసారి కూడా ఫొతిని అనే ఆవిడ వాకిట్లోనే తేలారు. చిక్కుడుకాయలు తుంచుతున్న ఫొతిని తలెత్తి, "ఏమయ్యా ఆర్గిరీ, పొద్దుట్నించీ మా ఇంటి చుట్టూ ప్రదక్షిణలేంటి?" అంది.

"పిల్లకి నీ పూలకుండీలు చూపిస్తున్నా. నీకేం పోయింది?" అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

అమ్మాయి నవ్వాపుకుని, ఫోనులో దారి వెతికి, ఆయన మోచెయ్యి పట్టుకుంది. పది నిమిషాల్లో కోట గుమ్మం చూసింది. ఆయన చెప్పిన చిరునామా పట్టుకుని మరో పది నిమిషాల్లో ఆయన్ని భద్రంగా ఇంటి గడప దగ్గరికి చేర్చింది. తలుపు తీసిన భార్య దెస్పినా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"లోపలికి రా తల్లీ, కాఫీ తాగి వెళ్దువు గాని. నిన్న ఈయన్ని జపాను వాళ్లు తెచ్చి దింపారు."