చెంచాడు నీళ్లు

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను ఆరో తరగతిలో ఉండగా మా అవ్వకు పక్షవాతం వచ్చింది. మూతి వంకరపోయింది. మక్తల్ దగ్గరి మా ఊరి నుంచి పాలమూరులో ఒక దవాఖానకు తీసుకుపోయాం. మింగగలదో లేదో తాను పరీక్ష చేసేదాకా అవ్వ నోట్లో ఏమీ పెట్టొద్దని అక్కడి నర్సమ్మ గట్టిగా చెప్పింది.

మా వైపు జబ్బు మనిషి కడుపు మాడ్చడమంటే పాపం. పాలలో నానిన జొన్నరొట్టె తింటే ఎంతటి రోగి అయినా లేచి కూర్చుంటాడని నమ్మకం. అమ్మ మందులకు వెళ్లగానే నేను గిన్నెలో రొట్టె పిసికాను. అవ్వ గిన్నె వంకే చూస్తోంది. ముద్ద పెదవుల దాకా వెళ్లేసరికి నర్సమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది. మా అవ్వ ఆకలి ఈమెకేం తెలుసు అనుకున్నాను.

ఆమె తిట్టలేదు. నన్ను పక్కనే నిలబెట్టుకుని, అవ్వను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు నీళ్లు తాగించింది. అవ్వ మింగింది. దగ్గలేదు.

"మంచిగనే మింగింది గదక్కా" అన్నాను, గెలిచినట్టు.

"జర ఆగు బిడ్డా. అవ్వా, ఆ అను."

అవ్వ అన్నది. గొంతు గుడగుడమంటూ తడితడిగా వచ్చింది.

"ఇన్నవా? నీళ్లు ఊపిరి దారిల చిక్కినయ్. దగ్గు రాకపోవుడే భయం. గా రొట్టె పోయుంటే అవ్వ మనకు దక్కకపోతుండె."

గిన్నె కింద పెట్టేశాను. ఇంత ప్రేమ పెట్టుకుని అవ్వ ప్రాణం మీదికి తెచ్చేదాన్నే కదా అని ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, తడిగుడ్డ ఇచ్చి అవ్వ పెదవులు తుడవమంది. ఎవరేం పెట్టబోయినా ఆపే పని కూడా నాకే అప్పజెప్పింది. అవ్వకు పాలు ముక్కు గొట్టంతోనే పోశారు. కొబ్బరిబోండంతో వచ్చిన మేనత్త నా మీద అలిగి వెళ్లిపోయింది.

ఆరో రోజు మళ్లీ చెంచాడు నీళ్లు. ఈసారి "ఆ" తేటగా పలికింది. వెంటనే అవ్వ నా వైపు తిరిగి, "నా రొట్టేదే, దొంగదానా" అంది. నర్సమ్మ నవ్వింది.

అవ్వ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఇప్పుడు నా కొడుక్కి అన్నం పెడుతున్నా అంతే. ముద్ద మింగాక వాడి గొంతు వినకుండా రెండో ముద్దకు నా చెయ్యి లేవదు.