ఆకు చిరిగే చోటు

నా చిన్నప్పుడు మా కోరుట్లల బడికి తాళం పడ్డ ఏడాది ఒకటుంది. అరవై తొమ్మిదిల తెలంగాణ కావాలని పెద్ద తరగతుల పిలగాండ్లు రోడ్డెక్కిన్రు. జగిత్యాల బస్సులు ఎప్పుడు నడిచేటివో, ఎప్పుడు ఆగేటివో తెల్వకపోయేది. బడి లేదంటే మాకు మొదట్ల సంబురమే. రెండు నెలలు దాటినంక ఆ సంబురం గూడ విసుగైపోయింది. నాకప్పుడు పదకొండేండ్లు.

ఆడపిల్లను ఊకె కూసోబెట్టే ఇల్లు కాదు మాది. అమ్మ నా ఒడిల చాట పెట్టింది. చాటల కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపుండ. మా వాడల ఆడోళ్లందరు బీడీలు చేసేటోళ్లే. "నెల రోజులల్ల చెయ్యి తిరగాలె. లేకుంటే మేడిపల్లికి మేనత్త దగ్గరికి తోలుత, పొలం పనన్న చేస్తవ్" అన్నది. కోపంతోటి అంటే నేను పట్టించుకోకపోదును. నిమ్మళంగ అన్నది, అందుకే భయమైంది. మేడిపల్లికి పోతే మళ్ల బడి మొకం చూసేది లేదని నాకెరుకే. నా ఇంగ్లీషు పుస్తకాన్ని సంచిల చుట్టి అటుక మీద దాచిపెట్టిన.

పొద్దంత చాట ముందల కూసునేదాన్ని. ఆకు చుడుతుంటే సగం కాడికి రాంగనే పర్రున చిరిగేది. చిరగకుంటే వదులై తంబాకు రాలేది. బీడీలు జమ చేసుకునే టేకేదారు నా కట్టను ఇట్లా అట్లా తిప్పి చూసి పక్కకు పడేసేటోడు. అమ్మ మాత్రం పొయ్యి మీద కూర దిక్కు చూసుకుంటనే చుట్టేది. "ఎట్లనే అమ్మా?" అంటే "గిట్ల" అనేది. మళ్ల అడిగితే ఇంకింత జల్ది చుట్టి, "గిట్లనే, ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అనేది. పనితనం దాసుకొని కాదు పాపం. ఆమె ఎన్నడు నేర్చుకున్నదో ఆమెకే యాదికి లేదు. అది నాకప్పుడు తెల్వదు. నా చేతులే పనికిరానివి అనుకొని ఏడ్సేదాన్ని.

మా పక్కింటి వదిన సిరిసిల్ల పిల్ల. మగ్గం ఇంట్ల పుట్టి, నూలు కండెలు చుట్టుకుంట పెరిగింది. పెండ్లై మా వాడకు వచ్చినంకనే బీడీ పని నేర్చింది. చెయ్యి నిదానమని ఆడోళ్లు ఆమెను ఆటపట్టిచ్చేటోళ్లు. ఒకనాడు అమ్మ నీళ్లకు పోయినప్పుడు వదిన వచ్చి నా పక్కన కూసున్నది. నా చేతులకెల్లి ఆకు గుంజుకోలేదు, చేసి చూపియ్యలేదు. ఉత్తగ చూసింది. మూడు ఆకులు చిరిగినంక నా చెయ్యి పట్టుకున్నది.

"ఇగో, ఇక్కడ. సగం చుట్టంగనే నీకు భయమైతున్నది. భయానికి బొటనవేలు ఒత్తుతున్నవ్."

"నీకెట్ల తెలుసు వదినా?"

"నేను ఆర్నెల్లు గక్కడ్నే చింపిన పిల్లా. మా అత్త తిట్టని తిట్టు లేదు."

నా బొటనవేలి మీద తన వేలు ఆనించింది. చుట్టమన్నది. సగం కాడికి రాంగనే తన వేలును మెల్లగ లేపింది, దాని ఎంబడి నా వేలు గూడ లేచింది. ఆకు చిరగలేదు. తన పని ఇడిచిపెట్టి ఆమె అట్ల ఎన్ని రోజులు వచ్చిందో లెక్క లేదు. తర్వాత ఒకనాడు టేకేదారు నా కట్టను అమ్మ కట్టలల్ల కలిపేసుకొని పోయిండు. అమ్మ మేడిపల్లి ముచ్చట మళ్ల ఎత్తలేదు. బడి తెరిచిననాడు అటుక ఎక్కి సంచి దింపుకున్న.

ఆ ఇంగ్లీషు పుస్తకమే నన్ను టీచరును చేసి ఒమాన్ దాక తీస్కపోయింది. అక్కడ చిన్న ఊర్ల, ఆడపిల్లల బడిల ఇరవై రెండేండ్లు ఇంగ్లీషు చెప్పిన. ఏటేటా ఎవరో ఒక తండ్రి వచ్చి మర్యాదగనే అడిగేటోడు, ఇంగ్లీషు మీ ఇంటి భాష గూడ కాదు గదా, మా పిల్లకు మీరెట్ల చెప్తరని. జవాబు చెప్పి చెప్పి పాణం ఇసిగింది. ఒక ఏడు ఇంగ్లాండు నుంచి ఒక టీచరమ్మను తెచ్చి, పెద్ద తరగతులు ఆమెకిచ్చి, నన్ను లైబ్రరీల కూసోమన్నరు. ఆమె మంచి మనిషి, ఆమె మాట్లాడుతుంటే నాకే ముచ్చటయ్యేది. నేను కొట్లాడలేదు. అలిసిపోయి ఉన్న.

ఒక మధ్యాహ్నం పదో తరగతి పిల్ల లైబ్రరీకి వచ్చి పుస్తకం టేబుల్ మీద పడేసింది. ఇంగ్లీషుల ఎట్ల మాట్లాడాలె అని అడిగితే ఆ ఇంగ్లాండు టీచర్ తాను మాట్లాడి చూపిస్తదట, ఇంతే, ఇట్లనే అంటదట. అది వినంగనే నాకు మా అమ్మ యాదికొచ్చింది. మాట్లాడు బిడ్డా అని నేను ఉత్తగ విన్న. సగం మాట కాడికి రాంగనే ఆ పిల్ల భయపడి ఆగిపోతున్నది.

"ఇక్కడ ఆగుతున్నవ్. నేను గూడ ఏండ్లకేండ్లు ఇక్కడ్నే ఆగిన" అన్న.

"మీరా, టీచర్?" అని తలెత్తి నన్ను చూసింది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నది.

ఇప్పుడు కోరుట్లలనే ఉంటున్న. మోకాళ్లు సహకరిస్తలేవు, మాట్లాడితే ఆయాసం. అయినా వాడ పిల్లలు పుస్తకాలు పట్టుకొని వస్తరు. ఎవరన్న చదువుకుంట సగంల ఆగితే తర్వాతి మాట నేను ఎంటనే చెప్పెయ్యను. నా బొటనవేలి మీద వదిన వేలు ఇంకా ఉన్నట్టే ఉంటది. అది మెల్లగ లేచేదాక ఆగుత.